అమల పాతిన మూడో స్తంభం

అమలకు కరెంటు స్తంభం ఎక్కడం వచ్చు. ఈ మాట చెబితే ఉప్పుగూడలో ఇప్పటికీ కొందరు మూతి తిప్పుకుంటారు. తిప్పుకోనివ్వండి, మూతులు వాళ్లవి. ముప్పై ఏడేళ్ల ఆడమనిషి, తొమ్మిదేళ్ల కూతురున్న తల్లి, నిచ్చెన లేకుండా తాడు లేకుండా ఉత్త కాళ్లతో సిమెంటు స్తంభం కొసదాకా వెళ్లి రావడం మాటలు కాదు. అరచేతుల్లో చర్మం ఎక్కడెక్కడ లేస్తుందో ఎక్కినవాళ్లకే తెలుసు.

ఆమె పుట్టి పెరిగింది శాలిబండలో. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ కోర్సులో చేరినప్పుడు క్లాసులో ముప్పైమంది మగపిల్లలు, ఈమె ఒక్కతే ఆడపిల్ల. చదువయ్యాక పని ఎవరిస్తారు? నాలుగు దుకాణాల వాళ్లు నవ్వి పంపించేశారు. ఐదో దుకాణం మహబూబ్ చాచాది. ముప్పై నాలుగేళ్లు లైన్‌మన్‌గా చేసి రిటైరైన మనిషి. కాలిపోయిన మోటార్లకు, ఫ్యాన్లకు రాగితీగ చుట్టే చిన్న దుకాణం పెట్టుకుని కూర్చున్నాడు. ఆయన ఈమె చదువు అడగలేదు, ఊరు పేరు అడగలేదు. కాలిన మోటారు ఒకటి ముందు పెట్టి తీగ చుట్టమన్నాడు. సాయంత్రానికి మోటారు తిరిగింది. మరుసటి రోజు నుంచి అమలకు ఆ దుకాణమే కొలువు.

పెళ్లయి ఉప్పుగూడ వచ్చింది. భర్త బాలనర్సింహ బేగంబజార్‌లో స్టీలు గిన్నెల హోల్‌సేల్ దుకాణంలో గుమాస్తా. నోట్లో నాలుక లేని మనిషి. ఆ నాలుక కూడా దేవుడు ఆయన తల్లి ఎల్లమ్మకే ఇచ్చాడు కాబోలు, ఆరు బర్రెలనూ ఇంటినీ వీధినీ ఆమె ఒక్క గొంతుతోనే నడిపిస్తుంది.

అలా పదేళ్లు గడిచాక నోటిఫికేషన్ వచ్చింది. జూనియర్ లైన్‌మన్ పోస్టులు, ఆడవాళ్లూ దరఖాస్తు చేసుకోవచ్చు అని నల్లటి అక్షరాల్లో రాశారు. వయసు ముప్పై అయిదు దాటకూడదు. అమలకు అప్పటికి ముప్పై అయిదు నిండడానికి మూడు నెలలే తక్కువ. అంటే ఇదే మొదటిది, ఇదే ఆఖరిది. ఇంకో నోటిఫికేషన్ వచ్చేసరికి ఆమె పేరు ఎవరూ చూడరు. చాచా దరఖాస్తు ఫారం తానే తెచ్చిచ్చాడు. అమల రాత పరీక్ష పాసైంది. మిగిలింది ఒక్కటే, స్తంభం పరీక్ష. నేల మీద పాతికడుగుల స్తంభం, ఎక్కి దిగడానికి ఒక్క నిమిషం. ఆ ఒక్క నిమిషం కోసం రెండేళ్ల నాలుగు నెలలుగా ఎదురుచూస్తోంది.

తేదీ రాకుండా పోలేదు. నాలుగుసార్లు వచ్చింది, నాలుగుసార్లూ వెనక్కి పోయింది. మొదటిసారి ఎన్నికలన్నారు. రెండోసారి కోర్టులో కేసన్నారు. మూడోసారి వానలు. నాలుగోసారి మైదానం సిద్ధంగా లేదు, త్వరలో తెలియజేస్తాం అని ఒక కాగితం అంటించి చేతులు దులుపుకున్నారు. సర్కారు భాషలో త్వరలో అంటే ఎన్ని నెలలో చెప్పగలిగినవాడు ఎవడైనా ఉంటే వాడి కాళ్లు కడగాలి.

వయసు కాగితం మీద నోటిఫికేషన్ రోజున ఆగిపోయింది. మోకాళ్లకు ఆ సంగతి తెలియదు కదా. వీధి చివర తీగలన్నీ తీసేశాక మిగిలిపోయిన పాత స్తంభం ఒకటి ఉంది. రోజూ తెల్లారగట్ల అమల దాని మీదే సాధన. మొదట్లో ఎల్లమ్మ వీధి అదిరేలా తిట్టింది, కోడలు స్తంభం ఎక్కితే నలుగురిలో తల ఎట్ల ఎత్తుకునేదని. నెల తిరిగేసరికి తనే బర్రె దగ్గర కూర్చుని, పితుకు పితుకుకూ ఒకటి చొప్పున లెక్కపెట్టడం మొదలుపెట్టింది. అరవై పితుకులకు కోడలు నేల మీద ఉండాలి. మొదటి ఏడాది అమల యాభై ఆరులో దిగేది. ఈ ఏడాది అరవై రెండు, అరవై మూడు పడుతోంది. ఎల్లమ్మ ఒకటి రెండు అంకెలు మింగేసి అరవై అని చెప్పేది. అమలకు ఆ మింగుడు తెలిసేది. తెలిసి ఏడుపొచ్చేది.

పాతబస్తీ నుంచి అలా ఎదురుచూస్తున్నవాళ్లు అరవై మందికి పైనే ఉన్నారు. వాళ్లందరికీ ఫోన్‌లో ఒక గ్రూపు. దాన్ని నడిపేది జుల్ఫికర్ అనే కుర్రాడు, మహా హుషారు మనిషి, బైక్ మీద పార్సిళ్లు చేరవేస్తూ చదువుకున్నవాడు. వినతిపత్రాలు ఇచ్చారు. నియామకాల ఆఫీసు ముందు ఎండలో కూర్చున్నారు. ఆఫీసువాళ్లు కిటికీ తలుపులు మూసుకున్నారు. రెండుసార్లు పోలీసులు వచ్చి వ్యాన్‌లో ఎక్కించుకుపోయి సాయంత్రం వదిలేశారు. రెండోసారి వదిలేటప్పుడు ఆ స్టేషన్ ఎస్సై పెద్దరికంగా ఒక మాట చెప్పాడు. ఇంకోసారి దొరికితే కేసు రాయక తప్పదని, కేసున్నవాళ్లకు సర్కారు కొలువు ఈ జన్మలో రాదని. ఆ మాట తరవాత ధర్నాకు రమ్మంటే సగం మంది వెనక్కి తగ్గారు.

మైదానం సిద్ధంగా లేదన్నారు కదా, ఆ మైదానం ఎక్కడో కాదు. ఉప్పుగూడలోనే, రైలు పట్టాలకు కాస్త ఎడంగా ఉంది. పది స్తంభాలు తెచ్చి పడేసి, వాటిని పాతకుండానే కాంట్రాక్టరు పత్తా లేకుండా పోయాడు. ముళ్లకంప మొలిచింది. ఎల్లమ్మ బర్రెలు రోజూ అక్కడికే పోయి ఆ స్తంభాలకు వీపులు రుద్దుకుంటాయి. ఒకరోజు వాటిని తోలుకురావడానికి వెళ్లిన అమల ఆ స్తంభాల మీద కూర్చుని కాసేపు తిట్టుకుంది. ఎవరిని తిట్టాలో తెలియక స్తంభాలనే తిట్టింది. తర్వాత ఫోన్ తీసి జుల్ఫికర్‌కు చేసింది.

“తమ్మీ, మైదానం తయారు లేదంటున్రు కదా. లైన్‌మన్లు అయ్యేటోళ్లం మనమే కదా. మనమే పాతుదాం.”

జుల్ఫికర్‌కు వెంటనే ఎక్కింది. ఆఫీసు ముందు అరవడం లేదు, రోడ్డు మీద కూర్చోవడం లేదు, పోలీసులకు పని లేదు. ఆదివారం పొద్దున మైదానంలో ఒక స్తంభం లేపుదాం, టీవీవాళ్లను పిలుద్దాం అన్నాడు. తన చేత్తోనే ఒక బ్యానర్ రాశాడు, ‘మైదానం సిద్ధం, మీరెప్పుడు సిద్ధం?’ అని. మహబూబ్ చాచాను పిలిస్తే ఆయన ఒక్క షరతు పెట్టాడు. నిలబెడితే పనిలాగే నిలబెట్టాలి, తమాషాకైతే తాను రానని. సరేనన్నారు. అసలు తిప్పలు అక్కడే మొదలయ్యాయి.

ఆదివారం నలభై ముగ్గురు వచ్చారు. గడ్డపారలు, పారలు, మోకులు, రెండు పొడుగాటి వాసాలు. స్తంభం మొత్తం ముప్పై అడుగులు. ఆరింట ఒక వంతు, అంటే అయిదు అడుగులు నేలలోకి పోవాలి. అంతకు ఒక్క బెత్తెడు తక్కువైనా చాచా ఊరుకోడు. గుంత తవ్వి, వాసాలను కత్తెరలా కట్టి స్తంభం తల కింద ఆసరా పెట్టి, అటు పదిమంది ఇటు పదిమంది మోకులు లాగుతుంటే తొమ్మిది గంటలకు మొదటి స్తంభం లేచి గుంతలో దిగింది. చుట్టూ రాళ్లు పేర్చి మట్టి దిమ్మిస కొట్టి, కదిలించి చూసి, నలభై ముగ్గురూ చప్పట్లు కొట్టుకున్నారు. ఒక్కటి చాలు కదా మరి? చాలదు. చేతికి పని దొరికింది. ఏళ్ల తరబడి కాగితాలు పట్టుకుని తిరిగిన చేతులవి. రెండోది లేపారు. మూడోదీ నాలుగోదీ ఒకేసారి మొదలుపెట్టారు.

పదకొండింటికి టీవీ కుర్రాడు కెమెరా భుజాన వేసుకుని వచ్చాడు. వచ్చేసరికి ఇక్కడ ఏముంది? దారానికి కట్టిన గుండు వేలాడదీసి ఒక కన్ను మూసుకుని చూస్తున్న ముసలాయన, మట్టి కొట్టుకున్న నలభైమంది కూలీల్లాంటి మనుషులు. ధర్నా ఎక్కడండీ అని అడిగాడు పాపం. లైనుకు అడ్డం వస్తున్నావు పక్కకు జరగమని చాచా కసిరాడు. కుర్రాడు కాసేపు నీడలో నిలబడి, తప్పు చిరునామాకు వచ్చాననుకుని వెళ్లిపోయాడు. సాయంత్రం నాలుగింటికి పది స్తంభాలూ ఒక్క గీతలో నిలబడ్డాయి. అందరూ కూలబడి చాయ్ తాగుతుంటే జుల్ఫికర్ ఒక్కసారి లేచి తల పట్టుకున్నాడు. బ్యానర్ ఇంకా బైక్ డబ్బాలోనే ఉంది. చేసింది ధర్నా అని చెప్పడమే మరిచిపోయారు. ఇలాంటి ఆందోళన హైదరాబాదులో ఇంతకుముందు ఎవరైనా చేశారో లేదో తెలియదు. నవ్వి నవ్వి ఒక్కొక్కరికి పొట్ట నొప్పి పుట్టింది.

అమల మాత్రం పైపైనే నవ్వింది.

మూడో స్తంభం గుంత ఆమె జట్టుది. మూడున్నర అడుగులు తవ్వేసరికి గడ్డపార ఠంగుమంది. కింద బండ. హైదరాబాదు నేల సంగతి అందరికీ తెలిసిందే, ఎక్కడ మట్టి ఉంటుందో ఎక్కడ బండ పడుకుని ఉంటుందో చెప్పలేం. సమ్మెటతో కొట్టాలి, లేదా గుంత జరపాలి. జరిపితే లైను పోతుంది. పక్కన నాలుగో స్తంభం జట్టు అప్పటికే మోకులు తీసుకుని సిద్ధం. అందులో ఒకడు, ఆడవాళ్ల గుంత రేపటిదాకా ఆగుతుందా అన్నాడు. మామూలు వేళాకోళమే. కానీ ఐటీఐ రోజుల నుంచీ అలాంటి వేళాకోళాలు వింటున్న మనిషికి అది ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. చాచా అవతలి కొసన పదో గుంత దగ్గర ఉన్నాడు. అమల గుంత చాలన్నది. ఎలాగూ చూపించడానికే కదా, దీన్నెవరు ఎక్కుతారు, వచ్చే ఆదివారం చాచాకు చెప్పి సరిచేయిద్దాం అనుకుంది. రాళ్లు గట్టిగా బిగించి మట్టి కప్పింది. అక్కడ నేల కాస్త పల్లం. అందుకని దూరం నుంచి చూస్తే పది తలలూ ఒకే ఎత్తులో కనపడ్డాయి. ఆ జట్టులోవాళ్లకు తప్ప తేడా ఎవరికీ తెలియలేదు.

వచ్చే ఆదివారం రాకముందే కథ అడ్డం తిరిగింది. పత్తా లేకుండా పోయిన కాంట్రాక్టరు ఎక్కణ్నుంచి ఊడిపడ్డాడో ఊడిపడ్డాడు. స్తంభాలు లేచాయని ఎవరో చెప్పినట్టున్నారు. ఆ పని తనదేనని ఆఫీసులో కాగితం పెట్టేశాడు. ఆఫీసువాళ్లకు ఏం కావాలి? మైదానం సిద్ధంగా కనిపించింది. మైదానానికి కంచె వేశారు, కాపలా పెట్టారు, తేదీ ప్రకటించారు. వచ్చే నెల పద్నాలుగు. ఈసారి పరీక్ష కేంద్రం పేరుతో సహా ఉంది.

గ్రూపులో ఆ రోజు ఫోన్లు వేడెక్కిపోయాయి. కాంట్రాక్టరు సంగతి తెలిసి జుల్ఫికర్ మండిపడ్డాడు గానీ చాచా అతన్ని కూర్చోబెట్టి చల్లార్చాడు. పేరు వానిది, కొలువు మీది, నోరు మూసుకుని ఎక్కండి అన్నాడు. పైగా సర్కారు స్థలంలోకి చొరబడ్డామని బయటపడితే నలభై ముగ్గురి మీదా కేసు. ఎవరూ నోరు మెదపకూడదని అందరూ ఒట్టేసుకున్నారు. అమల కూడా వేసింది.

ఆ రాత్రి నుంచి ఆమెకు ముద్ద దిగలేదు. మూడో స్తంభం కళ్లముందు నుంచి కదలదు. పరీక్షకు రాష్ట్రం నలుమూలల నుంచి వస్తారు, నంబర్ల ప్రకారం స్తంభాలు పంచుతారు. పాతికడుగుల ఎత్తున ఎవడో ఒకడు, ఎవతో ఒకతె, నిమిషంలో దిగాలన్న తొందరలో ఒళ్లంతా ఊపుతూ ఉంటారు. అడుగున మూడున్నర అడుగుల పట్టే. ఒకసారి తట్టుకోవచ్చు, పదిసార్లు తట్టుకోవచ్చు. ఇరవయ్యోసారి? గుట్టుగా వెళ్లి సరిచేద్దామంటే లోపలికి పోనివ్వరు. చెబితే తన మీద కేసు, తనతోపాటు నలభై రెండుమంది మీద. మైదానం మళ్లీ సిద్ధంగా లేనట్టే, తేదీ అయిదోసారి వెనక్కి. చెప్పకపోతే ఎవరి ప్రాణమో.

ముందుగా చాచాకు చెప్పింది. దుకాణంలో తల దించుకుని చెప్పింది. ఆయన తిట్టలేదు. ఎంత లోతు అని అడిగాడు. మూడున్నర అంది. చుడుతున్న తీగ కిందపెట్టాడు.

“నన్ను పిలువకపోతివి, బేటీ,” అన్నాడు. “గంతే నాకు బాధ. ఇప్పుడేం చేస్తవో నువ్వే సోంచాయించుకో. నేనైతే నీ పక్కన నిలబడ్త.”

ఇంట్లో చెప్పింది. ఎల్లమ్మ మొదట బుగ్గలు నొక్కుకుంది, ఆ తర్వాత ఆ వేళాకోళమాడినవాడి ఏడుతరాలనూ పేరుపేరునా తలుచుకుంది. వాడు ఎవడో ఆమెకు తెలియదు, అయినా ఏ లోటూ రానివ్వలేదు. బాలనర్సింహ అన్నం తింటున్నవాడల్లా చెయ్యి కడిగేసుకున్నాడు. అంత తక్కువ మాట్లాడే మనిషి ఆ రోజు ఒక్క మాటన్నాడు.

“ఎక్కేటోళ్లు మనసొంటోళ్లే కద, అమలా.”

పరీక్షకు నాలుగు రోజుల ముందు ఇంజినీరు వెంకటనారాయణ మైదానం తనిఖీకి వచ్చాడు. వెంట కాంట్రాక్టరు, చేతిలో ఫైలు. అమల కంచె గేటు దగ్గర కాపలావాణ్ని బతిమాలి లోపలికి వెళ్లింది. చాచాను రావద్దని ఒట్టు పెట్టింది. వస్తే పేర్లు బయటపడతాయి. ఎల్లమ్మ మాత్రం ఏ ఒట్టూ వినే మనిషి కాదు, బర్రెలను తోలుకుంటూ వచ్చి కంచె అవతల నిలబడింది.

అమల ఇంజినీరుకు నమస్కారం పెట్టింది. ఇంట్లో పదిసార్లు చెప్పుకున్న మాటలన్నీ ఎక్కడికో పోయాయి, ఉన్న ఒక్క మాట చెప్పేసింది.

“సార్, ఆ మూడో స్తంభం లోపల మూడున్నర అడుగులే ఉన్నది. కింద బండ. దాన్ని ఎవ్వర్నీ ఎక్కనియ్యకుండ్రి.”

కాంట్రాక్టరు ఎగిరిపడ్డాడు. ఎవరీమె, ఎవరు పంపారు, అన్నీ అయిదు అడుగులే, దగ్గరుండి పాతించానని గుండె మీద చెయ్యి వేసుకుని మరీ చెప్పాడు. వెంకటనారాయణ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. నీకెలా తెలుసమ్మా అని అడిగాడు. ఇక్కడ అబద్ధం చెప్పడానికి సందు ఉంది. ఎవరో అనుకుంటే విన్నానని చెప్పి బయటపడొచ్చు. అమల కంచె వైపు చూసింది. ఎల్లమ్మ అంతదూరం నుంచి చూస్తూనే ఉంది.

“నేనే పాతిన సార్,” అంది. “నేను పరీక్షకు వచ్చే క్యాండిడేట్‌ను. నాదే తప్పు.”

కాంట్రాక్టరు పెద్దగా నవ్వాడు. ఇంజినీరు నవ్వలేదు. టేపు తెప్పించాడు. ఒక మనిషిని మొదటి స్తంభం ఎక్కించి నేల నుంచి కొలిపించాడు, సరిగ్గా పాతిక. రెండోదీ పాతిక. మూడోది ఇరవై ఆరున్నర. కాంట్రాక్టరు నవ్వు అక్కడితో ఆగిపోయింది. దగ్గరుండి పాతించిన మనిషివి, ఇది నీకు తెలియదా అని ఇంజినీరు అడిగితే నీళ్లు నమిలాడు. వెంకటనారాయణ అతని కాగితం ఫైలులోంచి తీసి అతని చేతిలోనే పెట్టి పొమ్మన్నాడు.

తర్వాత స్తంభాల వరస చివరికి నడిచి, ఒక కన్ను మూసి అటు నుంచి ఇటు చూశాడు. తిరిగి వచ్చేసరికి ఆయన మొహం ఏమీ తెలియనివ్వడం లేదు. ఎవరెవరు చేశారని అడిగాడు. తనొక్కతే అని చెప్పింది. ఆయన ఇంకోసారి అడిగాడు. ఆమె ఇంకోసారి అదే చెప్పింది. ఆయన గడియారం చూసుకుని, ఎల్లుండి పొద్దుటికల్లా బండ కొట్టి దీన్ని అయిదు అడుగులు దించాలంటే వీలవుతుందా అన్నాడు.

“అయితది సార్. ఇరవైమంది కావాలె.”

“ఒక్కదాన్నే చేసిన అన్నవ్ కదమ్మా.”

అమల నాలుక కరుచుకుంది. వెంకటనారాయణ మీసాల కింద నవ్వు దాచుకోవడానికి పక్కకు తిరిగాడు.

ఆయన మాత్రం ఏం చేస్తాడు? పైకి రాస్తే విచారణ, విచారణంటే తేదీ వెనక్కి. ఆయనా పన్నెండేళ్లు ఒకే కుర్చీలో ప్రమోషన్ కోసం ఎదురుచూసిన మనిషే, తర్వాత తెలిసింది. తనకు పేర్లు వద్దన్నాడు. మనుషులు కావాలన్నాడు. తనిఖీ కాగితంలో, మూడో స్తంభం లోతు తక్కువని ఒక అభ్యర్థి చెప్పగా సరిచేయించడమైనది అని రాసి సంతకం పెట్టాడు. ఎవరు పాతారన్న చోట గీత గీశాడు. ఆ గీత నలభై ముగ్గురి బతుకు.

మరుసటి రోజు జుల్ఫికర్ పాతికమందిని వెంటేసుకొచ్చాడు. కేసు లేదని తెలిసి కూడా, ఒట్టు తప్పినందుకు ముందు అమల మీద ముఖం మాడ్చుకున్నాడు. తర్వాత గుంతలోకి దిగి బండ మీద మొదటి సమ్మెట దెబ్బ తనే వేశాడు. వేళాకోళమాడిన కుర్రాడూ వచ్చాడు. అమల మొహం చూడలేక రోజంతా రాళ్లు మోశాడు. చాచా ఈసారి మూడో గుంత ఒడ్డు వదిలి కదల్లేదు. ఎల్లమ్మ రెండు బిందెల మజ్జిగ తెచ్చింది. సాయంత్రానికి స్తంభం అయిదు అడుగులు దిగింది, మిగతావాటికంటే తల ఒకటిన్నర అడుగు కిందికి.

పద్నాలుగో తేదీ వచ్చింది. ఎన్నికలు లేవు, వానలు లేవు, కోర్టు లేదు, పరీక్ష మాత్రం ఉంది. మైదానం నిండా మనుషులు, చెప్పులు విప్పి చేతులకు మట్టి రాసుకుంటూ. అమలకు ఏడో స్తంభం పడింది. పొద్దున పది దాటింది. విజిల్ వేయగానే ఆమెకు ఏమీ వినిపించలేదు, తన ఊపిరి తప్ప. చేతుల మీద బరువు వెయ్యకుండా కాళ్లతో ఎక్కింది, చాచా ఎప్పుడూ చెప్పేట్టు. కొస తాకి దిగుతుంటే ఎడమ మోకాలు ఒకచోట పట్టేసింది. ఆ ఒక్క క్షణం రెండేళ్ల నాలుగు నెలలంత పొడుగ్గా సాగింది. పళ్లు బిగపట్టి జారింది. కాళ్లు నేలను తాకాక తలెత్తి చూస్తే గడియారం పట్టుకున్న మనిషి యాభై తొమ్మిది అని రాసుకుంటున్నాడు. పక్కన టిక్కు పెట్టాడు. అమల ఆ టిక్కును మూడుసార్లు వంగి చూసింది. ఆయన విసుక్కుని పోమ్మా పో, అర్హత వచ్చింది పో అన్నాడు.

గేటు బయట బాలనర్సింహ పనికి సెలవు పెట్టి, కూతురు సోనీని భుజాల మీద ఎక్కించుకుని నిలబడ్డాడు. జుల్ఫికర్ కూడా పాసయ్యాడు. శాలిబండలో బిర్యానీ తిందాం పదండి అని అందరినీ పోగేశాడు. అమల రానంది. ఎంత లాగినా కదల్లేదు. కంచె బయటే, మూడో స్తంభానికి పది గజాల దూరంలో ఎండలో కూర్చుంది.

ఒక్కొక్కరే ఎక్కుతున్నారు. వనపర్తి అబ్బాయి ఎక్కాడు, దిగాడు. ఎవరో లావుపాటి కుర్రాడు సగంలో జారిపోయాడు, పాపం ఏడ్చుకుంటూ పోయాడు. ఎవరు ఎక్కినా అమల వాళ్ల చేతులు చూడలేదు, కాళ్లు చూడలేదు. స్తంభం మొదలు దగ్గరి మట్టినే చూస్తూ కూర్చుంది. మట్టి కదల్లేదు. బాలనర్సింహ ఆమె పక్కన వచ్చి గొడుగు పట్టుకుని కూర్చున్నాడు. సోనీ ఆయన ఒళ్లో నిద్రపోయింది. మధ్యాహ్నం దాటింది. ఇరవై ఎనిమిదిమంది అయ్యారు.

ఆఖరి నంబరు ఒక అమ్మాయిది, స్రవ్య అట, కల్వకుర్తి దగ్గర పల్లె నుంచి తెల్లారి బస్సుకు వచ్చిందట. పాతికేళ్లు కూడా ఉండవు. విజిల్ పడగానే ఉడతలా ఎక్కేసింది. కొసకు పోయాక ఉత్సాహం పట్టలేక ఒక ఊపు ఊపింది. అమల లేచి నిలబడింది. రెండు చేతులూ వాటంతటవే కలిసి దండం పెట్టుకున్నాయి. స్తంభం పిసరంత కూడా కదల్లేదు. అమ్మాయి యాభై ఒకటిలో నేల మీద ఉంది.

చెప్పులేసుకుంటూ స్రవ్య ఇటే వచ్చింది. ఇంకా రొప్పుతోంది, మొహం వెలిగిపోతోంది.

“అక్కా, నేను ఎక్కుతుంటె నువ్వు దండం పెట్టుకున్నవ్. పైకెల్లి చూసిన. నేను నీకెరుకనా?”

అమల లేదన్నట్టు తల ఊపింది. బాలనర్సింహ చేతిలోని నీళ్ల సీసా తీసుకుని ఆ అమ్మాయి చేతిలో పెట్టి, “తాగు బిడ్డా, మెల్లగ తాగు,” అని, అప్పుడు ఏడ్చింది.